మన వసంతానికి ఆరు వారాలే: మల్లె కుండీ నుంచి రామప్ప గుడి దాకా ఎలా సిద్ధం కావాలి

ఫిబ్రవరి ఆఖర్లో ఒక రోజు పొద్దున లేచేసరికి దుప్పటి కాళ్ల దగ్గర ఉండ చుట్టుకుని ఉంటుంది, ఫ్యాన్ ఒకటో నంబరు మీద తిరుగుతుంటుంది, వీధిలో కానుగ చెట్టు ఆకులన్నీ రాల్చేసి నిలబడి ఉంటుంది. నా లెక్కలో వసంతం ఆ రోజు మొదలు. అప్పటి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా, గట్టిగా చెప్పాలంటే ఆరు వారాలు. ఆ తర్వాత పేరుకు చైత్రం, వైశాఖం నడుస్తున్నా బయట ఉన్నది మాత్రం ఎండాకాలమే.

ఆ ఆరు వారాలూ రోజంతా దొరకవు. పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత, అంతే. మధ్యలోదంతా ఎండది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఇంట్లో పనులైనా, మొక్కల పనైనా, రెండు రోజుల ప్రయాణమైనా హాయిగా సాగుతాయి. హైదరాబాద్‌లో బాల్కనీ ఉన్న మామూలు అపార్ట్‌మెంట్‌లో ఉంటూ నేను ఏటా చేసే పద్ధతినే వరసగా చెబుతాను. ఊళ్లో సొంతిల్లు, పెరడు ఉన్నవాళ్లకు ఇదంతా ఇంకా తేలిక.

మొదటి మెట్టు: మల్లె మొక్కను సంక్రాంతికే సిద్ధం చేయడం

మార్చిలో పూలు కావాలంటే పని జనవరిలో మొదలవ్వాలి. చాలామంది నర్సరీ నుంచి మొగ్గలతో ఉన్న మల్లె మొక్క తెచ్చుకుంటారు, ఆ ఏడాది పూస్తుంది, మరుసటేడు పొదలా పెరిగి నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది, "మా ఇంటి మట్టి మల్లెకు పడదు" అని వదిలేస్తారు. మట్టిది తప్పు కాదు, కత్తిరించకపోవడం వల్ల అలా అవుతుంది. మల్లె మొగ్గ వేసేది కొత్త చిగురు చివరే. పాత కొమ్మలు అలాగే ఉంచితే కొత్త చిగుళ్లు తక్కువ, పూలూ తక్కువ. మా ఇంట్లో కూడా మొదటి రెండేళ్లు ఇదే జరిగింది. పచ్చగా ఉన్న మొక్కకు కత్తెర పెట్టడానికి నాకు చేతులు రాలేదు. మూడో ఏడు మా అమ్మ వచ్చి పది నిమిషాల్లో మోకాలి ఎత్తుకు నరికి పారేస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ మార్చిలో రోజూ దోసెడు మొగ్గలు కోశాను.

పద్ధతి ఇది. డిసెంబరు రెండో సగంలో నీళ్లు బాగా తగ్గించండి, మట్టి పైన ఎండి ఆకులు కొంచెం వాడినట్టు కనిపించినా కంగారు పడొద్దు, మొక్కకు అది విశ్రాంతి. సంక్రాంతి వారంలో పదునైన కత్తెర తీసుకుని ఎండుకొమ్మలు, పుల్లల్లా సన్నగా ఉన్నవి, ఒకదాన్నొకటి రాసుకుంటున్నవి ముందు మొదలు దగ్గరికి తీసేయండి. మిగిలిన గట్టి కొమ్మలను అడుగు నుంచి అడుగున్నర ఎత్తులో, కణుపుకు కొంచెం పైన కత్తిరించండి. మిగిలిపోయిన ఆకులన్నీ చేత్తో దూసేయండి. మొక్క మోడులా కనిపిస్తుంది, అలాగే కనిపించాలి. తర్వాత పైన రెండు మూడు అంగుళాల మట్టి గుల్లగా తవ్వి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్ట్ లేదా బాగా మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు ఎముకల పొడి కలిపి నిండా నీళ్లు పోయండి. పచ్చి పేడ మాత్రం వేయకండి, వేళ్లు మాడిపోతాయి. పది, పదిహేను రోజుల్లో చిగుళ్లు మొదలవుతాయి, ఆరేడు వారాలకు మొదటి మొగ్గలు చూస్తారు.

కుండీ పద్నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. మట్టిలో ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు గానీ ఇసుక గానీ ఒక పాలు. అడుగున రంధ్రం మూసుకుపోకుండా పెంకు ముక్క పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం ఎండ. రోజుకు కనీసం అయిదారు గంటలు నేరుగా ఎండ పడని చోట మల్లె పెట్టి పూలు పూయలేదని బాధపడి లాభం లేదు. మీ బాల్కనీ ఉత్తరం వైపు ఉంటే డాబా మీద ఒక మూల అడిగి తీసుకోండి, అదీ కుదరకపోతే మల్లె బదులు నీడకు కాస్త ఓర్చుకునే మొక్కలే మేలు.

ఇప్పటికే మార్చి వచ్చేసింది, జనవరిలో ఏమీ చేయలేదు అంటారా? ఇప్పుడు మొత్తం నరకొద్దు. ప్రతి కొమ్మ చివర రెండు కణుపుల మేర మాత్రం తుంచండి, ఎరువు వేయండి, నాలుగైదు వారాల్లో ఒక విడత పూస్తుంది. పూలు అయిపోయిన కొమ్మను ప్రతిసారీ ఇలా రెండు కణుపులు తుంచుతూ పోతే జూన్ దాకా విడతలు విడతలుగా పూస్తూనే ఉంటుంది.

ఇక నగరంలో అందరికీ వచ్చే ఇబ్బంది, ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగలడం. ఎక్కువసార్లు అది బోరు నీళ్ల ప్రభావమే, మట్టిలో సున్నం పెరిగి మొక్కకు ఇనుము అందదు. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది కలిపి, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం ఆగి ఇంకోసారి. వీలైతే వానాకాలంలో పట్టి ఉంచిన నీళ్లో, మంచినీళ్లో వారానికి ఒకసారైనా పోయండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, చిన్న రంధ్రంతో రాలిపోతుంటే మొగ్గ తొలిచే పురుగు పట్టిందని అర్థం. అలాంటివి ఏరి దూరంగా పారేసి, లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారానికోసారి కొట్టండి. యూరియా జోలికి అసలు పోకండి. ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు రాదు.

కొత్తగా మొక్క కొనేవాళ్లకు ఒక మాట. గోదావరి జిల్లాల వైపు వెళ్లే పని ఉంటే కడియం, కడియపులంక నర్సరీల్లో ఆగండి. రకాల పేర్లు అక్కడివాళ్లే విడమరిచి చెబుతారు. గుండ్రంగా ముద్దగా ఉండేది బొండుమల్లె, కుండీకి అదే సులువు. సన్నజాజి, విరజాజి తీగలు, వాటికి పందిరో గ్రిల్లో కావాలి.

రెండో మెట్టు: కోయడం, కట్టడం, దాచడం

మొగ్గ కోసే సమయం సాయంత్రం మూడున్నర, నాలుగు మధ్య. ఆరోజు రాత్రి విచ్చుకోబోయే మొగ్గ అప్పటికి బాగా ఉబ్బి పాల తెలుపులో ఉంటుంది, రేపటిది ఇంకా ఆకుపచ్చ ఛాయలో, సన్నగా ఉంటుంది. పచ్చివి కోస్తే అవి విచ్చుకోవు, వాసనా రాదు. కాడతో సహా గిల్లాలి, కాడ లేకపోతే కట్టడానికి పట్టు దొరకదు.

పూలు కట్టడం ఈ రోజుల్లో చాలామంది ఆడపిల్లలకే రాదు, మగపిల్లల సంగతి చెప్పక్కర్లేదు, కానీ ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది. అరటినార దొరికితే మంచిది, లేదంటే నూలు దారం. ఏదైనా తడిపి వాడండి, పొడి దారం కాడను కోసేస్తుంది. దారం కొసను ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోండి. రెండు మొగ్గలు తలలు ఎడమవైపుకు, ఇంకో రెండు తలలు కుడివైపుకు పెట్టి నాలుగు కాడలూ మధ్యలో ఒకదాని మీద ఒకటి వచ్చేలా బొటనవేలితో అదిమి పట్టండి. కుడిచేతిలో దారాన్ని ఆ కాడల చుట్టూ ఒక చుట్టు తిప్పండి. తర్వాత అదే దారాన్ని కుడిచేతి చూపుడువేలికి ఒకసారి మెలితిప్పితే ఉచ్చు పడుతుంది, ఆ ఉచ్చును కాడల మీదుగా తొడిగి మెల్లగా లాగండి. ఇక్కడే ఉంది నేర్పంతా. గట్టిగా లాగితే కాడ తెగి మొగ్గ ఒళ్లో పడుతుంది, వదులుగా వదిలితే జడలో పెట్టుకున్న గంటకు మాల జారిపోతుంది. కాడ కొంచెం నొక్కుకుని, తెగకుండా ఆగే ఆ ఒత్తిడి వేలికి తెలియాలి. మొదటి మూరలో సగం మొగ్గలు పాడవుతాయి, పోనివ్వండి. నాలుగు మొగ్గల వరసకొకసారి ఒక రెమ్మ మరువం చేరిస్తే మల్లె వాసనకు ఒక చల్లదనం వస్తుంది, నాకు మల్లె ఒక్కటే కన్నా అదే ఇష్టం.

మిగిలిన మొగ్గలను తడిగుడ్డలో వదులుగా చుట్టి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్ కింది అరలో పెడితే మరుసటి రోజు సాయంత్రానికి కూడా బాగుంటాయి. గుడ్డ తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. నీళ్లు నిలిస్తే మొగ్గ అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి.

మొక్క పెట్టుకునే వీల్లేనివాళ్లు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు ఒక్కసారి పొద్దున్నే వెళ్లండి. ఆంధ్ర వైపు మైలవరం పరిసరాల్లో మల్లె తోటలు పేరున్నవి, సీజన్‌లో ఆ దారిన వెళ్తే కారు అద్దాలు దించాలి.

మూడో మెట్టు: ఇంటిని ఋతువుకు మార్చడం

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక ఆదివారం పొద్దున చాలు. మందపు కర్టెన్లు, రగ్గులు, కంబళ్లు ఎండలో వేసి, దులిపి, వేపాకులు వేసి మూట కట్టేయండి. పడమటి కిటికీకి వెదురు తెర గానీ వట్టివేళ్ల తడిక గానీ కట్టండి, సాయంత్రం దాని మీద నీళ్లు చల్లితే గాలి చల్లగా, మట్టి వాసనతో లోపలికి వస్తుంది. కిటికీల నియమం ఒకటే: పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అన్నీ తెరవండి, తర్వాత ఎండ వైపువి మూసి పరదా దించండి, మళ్లీ అయిదు తర్వాత తెరవండి. ఇంట్లో ఎండ చొరబడ్డాక ఫ్యాన్ వేస్తే ఆ వేడిగాలే తిరుగుతుంది.

మట్టికుండ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడండి, గణగణ మోగాలి. చప్పగా మోగితే ఎక్కడో పగులు ఉంది. లోపల రంగు, మెరుపు పూసినవి వద్దు. కుండ చల్లబరిచేది దాని ఒంట్లోంచి చెమటలా బయటికి ఊరే నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోవడం వల్ల, పూత పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. తెచ్చిన రోజు బకెట్‌లో పూర్తిగా మునిగేలా ఒక రోజంతా నానబెట్టి, కొబ్బరి పీచుతో తోమి, రెండుసార్లు నీళ్లు పోసి పారబోశాక వాడండి. సబ్బు పెట్టకూడదు, ఆ వాసన మట్టి పట్టేసుకుంటుంది. తడి ఇసుక పోసిన పళ్లెంలో, గాలి తగిలే చోట పెట్టండి. లోపల గుప్పెడు వట్టివేళ్లు శుభ్రంగా కడిగి పలుచని గుడ్డలో మూటకట్టి వేస్తే నీళ్లకు ఒక సువాసన. రెండు మూడు రోజులకు వేళ్లు తీసి ఎండబెట్టి మళ్లీ వేయొచ్చు.

వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి పూలు తేలేయడం చూడ్డానికి బాగుంటుంది, అయితే ఆ నీళ్లు రోజూ మార్చండి. మూడు రోజులు మరిచిపోతే దోమలు గుడ్లు పెట్టేస్తాయి.

నాలుగో మెట్టు: మోదుగ, వేప, మామిడి

ఫాల్గుణంలో మోదుగలు పూస్తాయి. ఆకు లేని చెట్టు నిండా నారింజ రంగు, దూరం నుంచి చూస్తే చెట్టుకు నిప్పంటుకున్నట్టే ఉంటుంది. హోలీకి రంగు కావాలంటే కొమ్మలు విరవక్కర్లేదు, కింద రాలినవి ఏరుకోండి. నాలుగు దోసిళ్ల పూలు రెండు లీటర్ల నీళ్లలో పావుగంట మరిగించి రాత్రంతా వదిలేసి, పొద్దున వడకడితే చక్కటి పసుపు కలిసిన కాషాయం రంగు వస్తుంది. పాతకాలంలో చిటికెడు సున్నం వేసి రంగు ముదిర్చేవారు, చిన్నపిల్లలు ఆడే నీళ్లయితే ఆ సున్నం మానేయండి.

వేపపువ్వు సంగతి. ఉగాది ముందురోజు బజార్లో కొనే పువ్వులో సగం పుల్లలే. తెల్లవారుజామున దుమ్ము లేని వీధిలో, లేదా గుడి ఆవరణలో ఉన్న వేపచెట్టు కింద పాత పంచె పరిచి కొమ్మను మెల్లగా కదపండి, విచ్చిన పువ్వు మాత్రమే రాలుతుంది. చాటలో చెరిగి, కాడలు ఏరి, పచ్చడికి ఆరోజుది వాడుకోండి. మిగిలింది నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టి సీసాలో పోసుకుంటే ఏడాదంతా చారులోకి ఉంటుంది. నేతిలో ఎర్రగా వేయించి చారులో వేస్తే ఆ చేదులో ఒక కమ్మదనం ఉంటుంది, జ్వరం వచ్చి తగ్గాక నోటికి రుచి తెలియనప్పుడు దీనికి మించింది లేదు.

పచ్చడికి నా కొలత నలుగురైదుగురికి: కొత్త చింతపండు నిమ్మకాయంత, బెల్లం వంద గ్రాములు, చెక్కు తీయకుండా సన్నగా తరిగిన మామిడికాయ అరకప్పు, వేపపువ్వు ఒక పెద్ద చెంచా, ఉప్పు చిటికెడు, పచ్చిమిర్చి ఒకటి సన్నగా తరిగి, లేదా మిరియాల పొడి. చింతపండు కొత్తదే వాడండి, పాతది రంగు నల్లగా వస్తుంది, పులుపులో ఆ తాజాదనం ఉండదు. తెలంగాణలో చాలా ఇళ్లలో దీన్ని కొత్త కుండలో పలుచగా కలిపి గ్లాసుల్లో తాగుతారు, కోస్తా ఇళ్లలో అరటిపండు ముక్కలు, కొబ్బరి, పుట్నాలు పడి గట్టిగా ఉండి చెంచాతో తింటారు. మా ఆయన వాళ్లది మొదటి పద్ధతి, మా పుట్టింటిది రెండోది, మా ఇంట్లో రెండూ చేస్తాం. వేపపువ్వును మాత్రం అన్నిటికన్నా ఆఖర్న, తినబోయే ముందు కలపండి. ముందే వేస్తే చేదు మొత్తం పులుసులోకి దిగి పిల్లలు ముట్టరు.

అయిదో మెట్టు: రెండు రోజులు ఓరుగల్లుకు

చిన్న ప్రయాణం అంటే నా ఉద్దేశంలో సెలవు పెట్టక్కర్లేనిది, శనివారం పొద్దున వెళ్లి ఆదివారం రాత్రికి ఇల్లు చేరేది. హైదరాబాద్ వాళ్లకు వసంతంలో వరంగల్ కంటే మంచి ఊరు నాకు తెలియదు. కాకతీయుల రాజధాని, సుమారు 150 కిలోమీటర్ల దూరం, దారి పొడవునా మోదుగలు. ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి మూడో వారం లోపు పెట్టుకోండి. మార్చి ఆఖరుకు అక్కడ 38 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రాతి గుడి ఆవరణలో చెప్పుల్లేకుండా నడవడం అప్పుడు నరకం. రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే వారంలో మాత్రం ములుగు రోడ్డు మీద వేరే పని పెట్టుకోకండి.

వెళ్లడానికి రైలే నయం. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు గానీ వరంగల్‌కు గానీ రెండు గంటల పైచిలుకు. హనుమకొండలో బస చేస్తే కాజీపేటలో, కోట దగ్గర్లో అయితే వరంగల్ స్టేషన్‌లో దిగండి. బస్సు అంటే ఉప్పల్ నుంచి వరసగా ఉంటాయి. కారు అయితే జనగామకు ముందు పెంబర్తిలో ఒక అరగంట ఆగండి, ఇత్తడి రేకు మీద ఉలితో బొమ్మ తేల్చే పనివాళ్లు రోడ్డు పక్కనే ఉంటారు.

సంచీలో ఏం పెట్టుకోవాలంటే, ఒక్కొక్కరికి రెండు జతల మందపాటి నూలు సాక్సులు, టోపీ లేదా తలకు కట్టుకునే తువ్వాలు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు, చిన్న టార్చి. సాక్సులు అని ఊరికే చెప్పడం లేదు. గుడిలో చెప్పులు విప్పాలి, పదకొండు దాటాక బండలు కాలతాయి, ఒకసారి మా అబ్బాయి అరికాళ్లు బొబ్బలెక్కి మధ్యాహ్నమంతా గదిలోనే ఉండిపోయాం. టార్చి ఎందుకంటే మండపాల లోపలి పైకప్పు శిల్పం చీకట్లో ఉంటుంది.

శనివారం పొద్దున హనుమకొండ వేయి స్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లు ఒకే రంగమండపంలోకి తెరుచుకుంటాయి, శివుడికి ఒకటి, విష్ణువుకు ఒకటి, సూర్యుడికి ఒకటి. స్తంభాలు లెక్కపెట్టే పని పిల్లలకు అప్పగించి మీరు ఒక స్తంభం దగ్గర కూర్చోండి. నల్లరాతిని చెక్కి, అద్దంలా నున్నగా తేల్చి ఉంటుంది, మొహం దగ్గరగా పెడితే మీ నీడ కదలడం కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయి విప్పి, పునాదుల నుంచి మళ్లీ కట్టి 2024లో తెరిచారు, కాబట్టి చాలా ఏళ్ల క్రితం చూసినవాళ్లు కూడా మళ్లీ చూడాలి. తొమ్మిదిన్నరకు ముగించి టిఫిన్ చేసి, పక్కనే ఉన్న పద్మాక్షి గుట్ట మెట్లు ఓపికుంటే ఎక్కండి, జైన శిల్పాలు కొండరాతి మీదే చెక్కి ఉంటాయి.

మధ్యాహ్నం నిద్రపోండి. నిజంగానే చెబుతున్నాను, ఎండలో నాలుగు చోట్లు తిరిగేసి ఏదీ గుర్తులేని ప్రయాణం కన్నా ఇదే మంచిది.

నాలుగింటికి ఖిలా వరంగల్. గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమదేవి కాలంలో బలపడిన కోట ఇది. బయట మట్టి గోడ, లోపల రాతి గోడ, మధ్యలో కందకం, ఈ వరసలు ఆటోలో లోపలికి వెళ్తుంటేనే తెలుస్తాయి, ఆటో అబ్బాయిని రాతి ద్వారం దగ్గర మెల్లగా పోనిమ్మనండి. నడిమధ్యన స్వయంభూ దేవాలయం ఉండేది, ఇప్పుడు శిథిలాలు, నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. తెలంగాణ రాజముద్రలో చూసే తోరణం ఇదే. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయాక గుడి నేలమట్టమైంది, తోరణాలు నిలిచాయి. పడిపోయిన ముక్కలను ఆవరణలో వరసగా పేర్చి పెట్టారు. అందరూ తోరణం కింద ఫోటో దిగి వెళ్లిపోతారు, మీరు మాత్రం ఆ ముక్కల మధ్య ఒక అరగంట నడవండి. పైకప్పులో ఎక్కడో ఎత్తున, మామూలుగా మెడ నొప్పెట్టేలా చూడాల్సిన పద్మం ఇక్కడ మోకాలి ఎత్తులో ఉంటుంది, రేకు అంచు దగ్గర ఉలి ఎక్కడ ఆగిందో వేలు పెట్టకుండానే కనిపిస్తుంది. అయిదున్నర ఎండలో ఆ రాయి రంగు మారుతుంది. తర్వాత షితాబ్ ఖాన్ కట్టించాడని చెప్పే ఖుష్ మహల్, ఏకశిల గుట్ట, చీకటి పడేవేళకు భద్రకాళి చెరువు గట్టు. రాత్రికి సర్వపిండి ఎక్కడ దొరికితే అక్కడ తినండి, గిన్నె అడుగున అంటుకున్న మాడు అంచు అడిగి వేయించుకోండి.

ఆదివారం తెల్లవారుజామున అయిదున్నరకు రామప్పకు బయల్దేరాలి. ములుగు మీదుగా పాలంపేట, ఇంచుమించు 70 కిలోమీటర్లు. ముందురోజే కారు మాట్లాడుకోండి, బస్సులో అయితే ములుగు దాకా వెళ్లి అక్కడ ఆటో పట్టుకోవాలి, అలా చేస్తే చేరేసరికి ఎండెక్కుతుంది. ములుగు దాటాక అడవి మొదలవుతుంది, మోదుగ, బూరుగు పూలు, మార్చి మధ్యకు వస్తే ఇప్పచెట్ల కింద పూలు ఏరే ఆడవాళ్లు పొద్దున్నే కనిపిస్తారు. కారు ఆపి ఫోటోలు తీసేముందు వాళ్లను అడగండి.

రామప్ప గుడి 1213 నాటిది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. గుడికి శిల్పి పేరే మిగిలిందని జనం చెప్పుకుంటారు, నాకు ఆ మాట చాలా ఇష్టం. గోడలు ఎర్రటి ఇసుకరాయి, స్తంభాలు, మదనికలు అనే స్త్రీ శిల్పాలు నల్లటి గట్టిరాయి. పునాదిలో ఇసుక నింపి దాని మీద గుడి నిలబెట్టారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు.

చూసే వరస ఇలా పెట్టుకోండి. ముందు లోపలికి పోకుండా గుడి చుట్టూ తిరగండి, అధిష్ఠానం, అంటే గుడి కింది పీఠం మీద ఏనుగుల వరస మొత్తం చుట్టి వస్తుంది, ఏ రెండూ ఒకేలా ఉండవు. తర్వాత తల పైకెత్తి చూరు కింద వాలుగా నిలిచిన మదనికలను చూడండి. పన్నెండుమంది ఉన్నారు. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న ఆవిడను అందరూ చూపిస్తారు, నేనైతే నాగిని దగ్గర ఎక్కువసేపు నిలబడతాను, మెడ చుట్టూ పాము ఉన్నా ఆ మొహంలో ఏ టెన్షనూ లేదు. పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య తూర్పు వైపు వాళ్ల మీద ఏటవాలు ఎండ పడుతుంది, అప్పుడు నగల కింద నీడ కూడా తెలుస్తుంది. తర్వాత రంగమండపం, అక్కడ టార్చి తీయండి. నాట్యగత్తెలు, మద్దెల వాయించేవాళ్లు, పేరిణి భంగిమలు అన్నీ ఉంటాయి. గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి, జాయపసేనాని నాట్యం మీద నృత్తరత్నావళి రాశాడు, నటరాజ రామకృష్ణగారు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టేటప్పుడు ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ ఆధారం చేసుకున్నారు. ఆఖర్న నంది ముందు కూర్చోండి. చెవులు నిక్కించి, ఇప్పుడే పిలిస్తే లేచి వచ్చేలా ఉంటుంది. తొమ్మిదిన్నరకు చెరువు గట్టు మీద చేరి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తినండి.

సమయం మిగిలితే గణపురం కోటగుళ్లు దగ్గరే, జనం తక్కువ. తిరుగు దారిలో లక్నవరం కూడా కలపమని చెబుతారు, ఎండలో నేను కలపను.

సోమవారం సెలవు ఉన్నవాళ్లు ఇంకో రాత్రి ఉండి పొద్దున ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లండి. మిర్చి సీజన్‌లో యార్డు ఎర్రటి సముద్రంలా ఉంటుంది, మూతికి గుడ్డ కట్టుకోకపోతే తుమ్ములు ఆగవు. చపాటా మిరపకాయ ఒక కిలో తెచ్చుకోండి, రంగు ఎక్కువ, కారం తక్కువ, ఆవకాయల కాలం వస్తోంది కదా. కొత్తవాడలో డర్రీ ఒకటి తీసుకుంటే, రగ్గులు మూటకట్టేసిన ఇంట్లో నేల మీద పరచడానికి సరిగ్గా సరిపోతుంది.

బయల్దేరే ముందు మొక్కలకు

ఇది మరిచిపోతే రెండు రోజుల్లో రెండు నెలల శ్రమ పోతుంది. శుక్రవారం రాత్రి కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయండి. మట్టి మీద కొబ్బరి పీచు మందంగా పరవండి. ఎండ తీవ్రంగా ఉంటే పక్కన బకెట్ నీళ్లు పెట్టి, పాత పంచె చింపిన గుడ్డ పేలికను ఒక కొస నీళ్లలో, ఇంకో కొస కుండీ మట్టిలో నాలుగు అంగుళాల లోతున పాతిపెట్టండి. బకెట్ కుండీ కంటే ఎత్తులో ఉండాలి.

మొగ్గలు మాత్రం మీ కోసం ఆగవు కాబట్టి పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి కోసుకోమని చెప్పండి. కోస్తేనే కొమ్మకు మేలు. కిందటేడు మా పక్కింటి పిన్నిగారికి అలాగే చెప్పి వెళ్లాం. ఆదివారం రాత్రి పదిన్నరకు మెట్లెక్కి వచ్చేసరికి గుమ్మం ముందంతా మల్లె వాసన. ఏంటా అని చూస్తే తలుపు గొళ్లానికి తడి గుడ్డ మూట, అందులో రెండు మూరలు, మధ్య మధ్య మరువం వేసి.